మా రోజుల్లో గరిటె మీద గాట్లుండేవి

మా రోజుల్లో బీరు కాచుకోవాలంటే ముందు వంటింట్లో అన్నిటికంటే పెద్ద గిన్నె ఏదో వెతుక్కునేవాళ్లం. అందులో ఎంత పడితే అంతే మరిగించేవాళ్లం. మా అల్లుడు అలా కాదు, ముందు ఫోను తీస్తాడు. గిన్నె సంగతి తర్వాత.

మేముండేది అమెరికాలో, డెన్వర్ పక్కన. ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదని అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టింది 1978లో, అమల్లోకి వచ్చింది 1979 ఫిబ్రవరిలో. అంతకు ముందు ఇంట్లో వైను పులియబెట్టుకుంటే ఫరవాలేదు గానీ బీరు కాస్తే తప్పు. అదేం న్యాయమో! ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే అయితే 100, అమ్ముకోకూడదు. అలబామా, మిసిసిపీ వాళ్లకు 2013 దాకా ఆ భాగ్యం కూడా లేదు. మన ఊళ్లో అయితే ఇప్పటికీ ఎక్సైజు వాళ్లు వచ్చి గిన్నెతో సహా పట్టుకుపోతారు, అది వేరే కథ.

ఇక్కడికి దగ్గర్లోనే, బౌల్డర్‌లో, చార్లీ పపాజియన్ ఉండేవాడు. బీరు కాయడం క్లాసులు పెట్టి నేర్పిన మనిషి. 1984లో ఆయన పుస్తకం అచ్చయ్యాక మాబోటి వాళ్లందరికీ అదే పెద్దబాలశిక్ష. అప్పటి సరుకు గురించి చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు. డబ్బాలో చిక్కటి మాల్ట్ పాకం, మూత కింద ఎప్పటిదో తెలియని ఈస్ట్ పొట్లం. చేదు కోసం వేసే హాప్స్ పూలు గోధుమరంగుకు తిరిగి, పాత జున్ను వాసన కొట్టేవి. వాటిలో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం ఎంతుందో పొట్లం మీద రాసి ఉంటే ఆ రోజు పండగ.

గిన్నె పట్టేది 3 గ్యాలన్లు. కాచాల్సింది 5. అందుకని రెండున్నర గ్యాలన్లలోనే పాకమంతా కలిపి మరిగించి, తర్వాత బకెట్లో చన్నీళ్లు పోసి నింపేవాళ్లం. చిన్న గిన్నెలో బీరు కాయడమంటే అదే కదా? 90ల్లో అందరూ గ్యారేజీలో ప్రొపేన్ పొయ్యిలు పెట్టి, ఊరి సంతర్పణకు సరిపడే గిన్నెలు కొన్నారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు అపార్ట్‌మెంట్లలో కరెంటు పొయ్యి మీద 20 లీటర్ల గిన్నె పెట్టి, అదేదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడతారు.

కొత్త సంగతి ఒకటి ఉంది, ఒప్పుకుంటాను. అలా సగం నీళ్లలో పాకమంతా మరిగిస్తే వర్ట్, అంటే ఇంకా పులియని ఆ మాల్ట్ నీళ్లు, చిక్కబడి హాప్స్ చేదు సరిగ్గా దిగదు. మాకు అది నాలుకకు తెలిసేది, అంకె తెలియదు. ఇంకో గుప్పెడు వేసేవాళ్లం. చేదు లెక్కకట్టే గ్లెన్ టిన్‌సెత్ సూత్రం వచ్చాక అంకె తెలిసింది. 1.050 సాంద్రత దగ్గర గంట మరిగిస్తే హాప్స్‌లోని ఆల్ఫాలో 23 శాతం పనికొస్తుంది, అదే 1.100 దగ్గర 15 శాతమే. ఈ లెక్క ఇప్పుడు ఫోను రెప్పపాటులో వేసి పెడుతుంది. మంచిదే.

నా గొడవ దాంతో కాదు. మొన్న అల్లుడు పేల్ ఏల్ రకం బీరు కాస్తానని కూర్చున్నాడు. సియెరా నెవాడా కంపెనీ వాళ్లది లాంటిది, కాస్కేడ్ హాప్స్‌తో. ఆ కంపెనీ పెట్టిన కెన్ గ్రాస్‌మన్ కూడా ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు సరుకులమ్మే కొట్టుతో మొదలైనవాడే, మొదట్లో పాల డెయిరీల పాత సామాన్లు తెచ్చి బిగించుకున్నాడు. మావాడికి ఫోన్‌లోని బీరు సాఫ్ట్‌వేర్‌లో 19 లీటర్ల వంటకం దొరికింది.

"మామయ్య గారూ, స్కేల్ నొక్కి సగం చేసేశానండీ, అయిపోయింది" అన్నాడు.

"గిన్నె ఎవరిది బాబూ?" అన్నాను.

అర్థం కాలేదు. ఫోను చూపించమన్నాను. సామాన్ల వివరాలు అడిగే చోట మొదటినుంచీ ఉన్న అంకెలే ఉన్నాయి. ఎవరిదో గిన్నె, ఎవరిదో పొయ్యి. తనది పెట్టలేదు.

అసలు వంటకం ఇలా ఉంది: 24 లీటర్లు పొయ్యి మీద పెడితే గంటలో 4 ఆవిరవుతాయి, అడుగున మడ్డి కింద 1 పోతుంది, పులియబెట్టడానికి 19 మిగులుతాయి. దాన్ని అలా సగం చేస్తే 12 లీటర్లు పెట్టాలి. ఆవిరి కూడా సగమే అవుతుందా? పులుసు కొంచెమే పెట్టినప్పుడు ఎంత తొందరగా చిక్కబడుతుందో వంట చేసే ఎవరినడిగినా చెబుతారు. ఆవిరి గిన్నె నోటి వెడల్పును బట్టి, మంటను బట్టి పోతుంది గానీ లోపల ఎంత పోశామో చూసి పోదు. మావాడి పొయ్యి మీద గంటకు 3 లీటర్లు పోతాయి. మడ్డి ఎలాగూ లీటరే. చివరికి చేతికొచ్చేవి 8 లీటర్లు, సాంద్రత 1.050కి బదులు 1.056. బీరు ఘాటవుతుంది, కొన్ని సీసాలు తరుగుతాయి, తప్పు సాఫ్ట్‌వేర్ మీదికి పోతుంది.

గిన్నె వివరాలు సరిగ్గా ఇస్తే అదే సాఫ్ట్‌వేర్ సరైన లెక్క చెబుతుంది. పదమూడున్నర లీటర్లతో మొదలుపెట్టాలి, మాల్ట్ గింజలు సగం కంటే ఓ 100 గ్రాములు ఎక్కువ వేయాలి. 2 కిలోల పైచిలుకు గింజలు తాగే నీళ్లు, అవి ఆక్రమించే చోటు కలుపుకున్నా మొత్తం 17 లీటర్లు దాటి కొంచెం, అంటే సంచిలో గింజలు వేసి నానబెట్టినా 20 లీటర్ల గిన్నెలో పొర్లకుండా పడుతుంది. అదే 19 లీటర్ల వంటకం మొత్తం కాయాలంటే 31 లీటర్ల చోటు కావాలి.

మా రోజుల్లో చెక్క గరిటె మీద గాట్లుండేవి. గ్యాలను గ్యాలనుగా నీళ్లు పోస్తూ, గరిటె నిలువుగా ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ చాకుతో ఒక గాటు. ఆ గరిటె ఆ గిన్నెకే పనికొస్తుంది, పక్కింటివాళ్లు అడిగినా ఇచ్చి లాభం లేదు. మరుగుతున్నప్పుడు ముంచితే ఎంత మిగిలిందో తెలిసేది. మావాడి గిన్నె లోపల లీటర్ల గీతలు కంపెనీవాళ్లే చెక్కి ఇచ్చారు. వాడు వాటివంక చూసినట్టు లేదు.

అందుకని ఉత్త నీళ్లు పోసి గంట మరిగించమన్నాను. "ఉత్త నీళ్లా? గంట సేపా?" అని మా అమ్మాయి వైపు చూశాడు. అది నా కూతురు, ఏమీ అనలేదు. కిటికీలన్నీ మంచు పట్టినట్టు మసకబారాయి. తేడా కొలిచి ఫోన్‌లో రాసుకున్నాడు.

ఇంకొకటి కూడా రాయించాను. డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు. ఇక్కడ నీళ్లు దాదాపు 95 డిగ్రీలకే మరిగిపోతాయి, హాప్స్ చేదు మెల్లగా దిగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎత్తెంతో అడుగుతాయి. మావాడు సున్నా పెట్టాడు. పొలిమేరలో స్వాగతం బోర్డు మీద కూడా రాసి ఉంటుంది, మైలెత్తు ఊరని!

ఇన్ని చేశాక మళ్లీ ఫోను పట్టుకుని, కాస్కేడ్ 11.3 గ్రాములు అన్నాడు. బంగారం తూచే త్రాసు తెచ్చాడు. ఆల్ఫా ఎంతని అడిగితే ఫోన్‌లో 5.5 శాతం ఉందన్నాడు. పొట్లం తిప్పి చూపించాను, 7 అని రాసుంది. పండిన ఏడాదిని బట్టి మారుతుంది మరి. చుక్క తర్వాతి 3 కోసం అంత తాపత్రయపడేవాడు, చుక్కకు ముందున్న అంకె మాటేమిటి?

ఈస్ట్ విషయంలో మాత్రం ఇద్దరికీ పడలేదు. 11 గ్రాముల పొట్లం మొత్తం వేసేయ్, బీరుకేమీ కాదన్నాను. ఫోను సగం చాలంది, సగమే తూచి వేశాడు. మిగిలిన సగానికి ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి, తేదీ రాసి, మా ఫ్రిజ్‌లో ఊరగాయ సీసా పక్కన పెట్టి వెళ్లాడు. ఇంతవరకు తీసుకెళ్లలేదు.