980 రాబట్టే పద్ధతి

లఘులోలకంతో గురుత్వ త్వరణం (g) కనుక్కోవడానికి కావలసిన పరికరాలు: గట్టి పెన్సిలు ఒకటి, మెత్తటి రబ్బరు ఒకటి, సైంటిఫిక్ కాలిక్యులేటరు ఒకటి, నిరుడు ఫుల్ మార్కులు కొట్టిన సీనియరు రికార్డు ఒకటి. దారం, లోహపు గుండు, చీల్చిన బెండు, స్టాప్‌వాచ్ కూడా బల్ల మీద ఉంటే మంచిదే. ఎగ్జామినరు అటుగా వచ్చినప్పుడు ఏదో ఒకటి ఊగుతూ ఉండాలి కదా. అసలు పని మాత్రం కాగితం మీదే. అమాయకుడు పొడవు కొలిచి, కాలం కొలిచి, చివరికి g ఎంతొస్తుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాడు. లోకం తెలిసినవాడు g విలువ 980 సెం.మీ./సె² అని ముందే రాసేసుకుని, అక్కణ్నుంచి వెనక్కి నడుస్తాడు. పొడవు 80 సెంటీమీటర్లయితే 20 డోలనాలకు 35.9 సెకన్లు పట్టాలని కాలిక్యులేటరే చెప్పేస్తుంది. అలాగని రెండు ట్రయల్స్‌లోనూ 35.9 అనే రాశారో, దొరికిపోతారు. మొదటిదాంట్లో 35.8, రెండోదాంట్లో 36.0 వేయండి. సగటు ఎక్కడికీ పోదు. కాకిలెక్కకు కూడా కాస్త చేతివణుకు అద్దాలి.

గ్రాఫు దగ్గర చాలామంది తడబడతారు. చుక్కలు ముందు పెట్టి, వాటి మధ్యగా పోయే గీత కోసం స్కేలును అటూ ఇటూ జరుపుతూ అవస్థ పడతారు. సరైన వరుస ఇది: పొడవుకూ ఆవర్తన కాలపు వర్గానికీ మధ్య సంబంధం సరళరేఖ అని పుస్తకంలో ఉంది కాబట్టి, మూలబిందువు నుంచి ముందు గీత లాగేయాలి, చుక్కలు తర్వాత దాని మీద పేర్చాలి. ఒకటి రెండు చుక్కల్ని వెంట్రుకవాసి పక్కకు జరపండి. అవి గ్రాఫుకు దిష్టిచుక్కలు. ఇక జవాబు రాసేటప్పుడు కాలిక్యులేటరు తెర మీద ఎన్ని అంకెలుంటే అన్నీ దించేయండి. స్కేలు మీద మిల్లీమీటరుకు మించి గీతలు లేకపోయినా, దశాంశ బిందువు తర్వాత ఏడు స్థానాలు చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది.

ఈ పద్ధతికి ఒక్కటే చిన్న ఇబ్బంది: 980 మన ఊరి విలువ కాదు. భూమధ్యరేఖ దగ్గర g దాదాపు 978.0, ధ్రువాల దగ్గర 983.2. హైదరాబాదులో అది సుమారు 978.3. పుస్తకాల్లో కనిపించే 980.665 అనేది 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ అందరి సౌకర్యం కోసం ఖాయం చేసిన ప్రామాణిక సంఖ్య. అంటే హైదరాబాదు ల్యాబులో కూర్చుని సరిగ్గా 980.665 రాబట్టిన విద్యార్థి తన కాళ్ల కింది నేలను కొలవలేదన్నమాట. ఆ రెండు సెంటీమీటర్ల తేడా కాలేజీ లోలకానికి అందుతుందా అని మీరు అడగవచ్చు. అందదు. స్టాప్‌వాచ్ సెకనులో నూరో వంతు చూపించినా, దాన్ని నొక్కే బొటనవేలు ఐదో వంతు సెకను అటూ ఇటూ అవుతుంది. 35.9 సెకన్లలో 0.2 అంటే అర శాతానికి కాస్త ఎక్కువ. లెక్కలో కాలం వర్గమవుతుంది కాబట్టి g దగ్గరికి వచ్చేసరికి అది రెట్టింపై, దాదాపు 11 సెంటీమీటర్ల అనుమానంగా తేలుతుంది. కాబట్టి ఆ బల్ల మీద 970 నిజాయితీ గల జవాబే, 988 కూడా నిజాయితీ గల జవాబే. ఎటొచ్చీ పక్కన ఆ 11 కూడా రాసి ఉండాలి. నిక్కచ్చిగా 980 అని రాసినవాడు బొటనవేలు లేకుండా కొలిచినవాడు.

అందుకే నా సలహా: పొరపాటున కూడా కొలవకండి, కొలిస్తే ఏం జరిగిందో తెలిసిపోతుంది. తప్పు జవాబులకు ఒక చెడ్డ అలవాటుంది, అవి చేసినవాడి చిరునామా చెప్పేస్తాయి. g 1,080 దాటిందంటే, గుండును వదిలేటప్పుడు ‘సున్నా’ అనడానికి బదులు ‘ఒకటి’ అని లెక్క మొదలుపెట్టి, పంతొమ్మిది డోలనాలనే ఇరవై అనుకున్నారని అర్థం. 945 దగ్గర ఆగిందంటే, నాలుగైదు డిగ్రీలు లాగాల్సిన గుండును ముప్ఫై డిగ్రీల దాకా లాగి వదిలారేమో చూసుకోవాలి. అంత పెద్ద ఊపుకు ఆవర్తన కాలం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. దారం పొడవు కొలిచి గుండు వ్యాసార్ధం కలపడం మరిచిపోతే ఇంకా విచిత్రం. జాగ్రత్తగా తీసిన రీడింగులతో గీసిన రేఖ వాలు మారదు, g సరిగానే వస్తుంది. కానీ రేఖ మూలబిందువు గుండా పోదు. వెనక్కి పొడిగిస్తే పొడవు అక్షాన్ని సున్నాకు ఎడమవైపు, సరిగ్గా గుండు వ్యాసార్ధమంత దూరంలో తాకుతుంది. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవడం మరిచిపోయిన సంగతిని గ్రాఫు గుర్తుపెట్టుకుని మరీ అప్పజెబుతుందన్నమాట. స్కేలుతో రేఖను బలవంతంగా మూలబిందువులోకి నెట్టేసినవాడికి ఈ బెడద లేదు. అతని గ్రాఫు ఏమీ చెప్పదు.

g విలువ ఎప్పుడో తెలిసిపోయింది, మళ్లీ కొలిచి ఉద్ధరించేదేముంది అనేది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. 1672లో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్ రిషే కూడా ఇలాగే సర్దుకుపోగలిగేవాడే. పారిస్‌లో సరిచేసిన లోలక గడియారం, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌లో రోజుకు రెండు నిమిషాలకు పైగా వెనకబడింది. సెకను కొట్టే లోలకం పొడవు మీటరుకు కాస్త తక్కువ. దాన్ని అక్కడ మూడు మిల్లీమీటర్లకు కొంచెం లోపుగా కురచ చేస్తే తప్ప సమయం కుదరలేదు. ఎండకు లోహం సాగిందనో, చెయ్యి తప్పిందనో అనుకుని పారిస్ కొలతనే రికార్డులో రాసేస్తే ఏ గొడవా ఉండేది కాదు. ఆయన నెలల తరబడి మళ్లీ మళ్లీ చూసి, వచ్చిందే రాశాడు. భూమి నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుని ఉందన్న వాదానికి న్యూటన్ 1687లో ఆ కొలతను సాక్ష్యంగా నిలబెట్టాడు. మూడు మిల్లీమీటర్లను రబ్బరుతో చెరిపేసి ఉంటే, భూమి ఆకారం గురించిన ఆ సాక్ష్యం కూడా పొట్టులో కలిసిపోయేది.

మహామహులు కూడా తెలిసిన జవాబు వైపే మొగ్గారు కదా అంటారా? మంచి ఉదాహరణే ఉంది. నూనెబొట్లతో ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచిన మిలికాన్ విలువ, గాలి స్నిగ్ధతకు తప్పు సంఖ్య వాడినందువల్ల, అర శాతానికి పైగా తక్కువ వచ్చింది. ఆ తర్వాత కొలిచినవాళ్లు ఒక్కసారిగా సరైన చోటికి పోకుండా మెట్టు మెట్టుగా పైకి పాకారని 1974లో ఫైన్‌మన్ ఎత్తిచూపాడు. మిలికాన్‌కు దూరంగా పోతే తమదే తప్పనుకుని కారణాలు వెతికారు, దగ్గరగా వస్తే వెతకడం మానేశారు. మన పద్ధతికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఏం కావాలి? ఇక మిగిలింది మార్కుల మాట. 980 చూసి మార్కులు వేసే ఎగ్జామినరు ఎదురుగా కూర్చుంటే, 972 రాసిన పిల్లవాణ్ని తప్పుబట్టలేం, 980 రాసినవాణ్నీ తప్పుబట్టలేం. పరీక్ష అడిగింది సంఖ్యనే, కొలతను కాదు. రీడింగు పక్కన ‘ఎంత అటూ ఇటూ’ అన్న గడికి, ‘ఎందుకు తేడా వచ్చిందనుకుంటున్నావు’ అన్న ప్రశ్నకు సగం మార్కులు పెట్టిన రోజున ఈ పద్ధతి దానంతటదే మూతపడుతుంది.

అంతవరకు సీనియరు రికార్డును భద్రంగా దాచుకోండి. ఒక్క జాగ్రత్త: అందులోని 35.8, 36.0 కూడా అంతకుముందు సీనియరు నుంచి వచ్చినవే కావచ్చు. అలా వెనక్కి వెళ్లగా వెళ్లగా ఎక్కడో ఒక విద్యార్థి నిజంగానే గుండును ఊపి, ‘సున్నా’ అని లెక్క మొదలుపెట్టి ఉంటాడు. మీ రికార్డులో గురుత్వాకర్షణ అంటూ ఏదైనా ఉంటే, అది అతనిదే.