నాలుగు వాకిళ్ళు, ఒక ముక్కు

గుండెకు ఎన్ని వాకిళ్ళుంటాయో మా చర్చి యూత్ అన్న బోర్డు మీద గీసి చూపించాడు. నాలుగట. కళ్ళు, చెవులు, నోరు, సెల్‌ఫోన్. ఆ రోజు వాక్యం సామెతల గ్రంథం 4వ అధ్యాయం, 23వ వచనం. ఏ సొత్తుకూ పెట్టనంత కాపలా గుండెకు పెట్టుకోవాలని దాని సారం. అన్నది ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. కాపలా మాటెత్తితే చాలు, హుషారొచ్చేస్తుంది. "బెల్టు, పర్సు ట్రేలో పెట్టించి చూస్తరు గదా తమ్ముళ్ళూ, మనసులకొచ్చే ప్రతి ఆలోచననూ అట్లనే ట్రేలో పెట్టాలె" అన్నాడు. అంతలో పైన విమానం మోత. అది పోయేదాకా అందరం ఆగి, తర్వాత ఆమెన్ అన్నాం.

మాది పహాడీ షరీఫ్. గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా, గుట్ట కింద శ్రీశైలం రోడ్డు. 2025లో ఫిబ్రవరి 26న శివరాత్రి, ఆ రోడ్డంతా శ్రీశైలం పోయే బస్సులే. మార్చి 2న రంజాన్ ఉపవాసాలు మొదలు. మార్చి 5న మాకు భస్మ బుధవారం. అంటే ఎనిమిది రోజుల్లో మూడు మతాలవాళ్ళూ కడుపు మాడ్చుకోవడం మొదలుపెట్టారన్నమాట. ఇది చాలదన్నట్టు ఇంటర్ బోర్డు వాళ్ళు నా ఫస్టియర్ పరీక్షలు కూడా మార్చి 5నే పెట్టారు. ఆ వారం మా వీధిలో దేవుణ్ణి తలచుకోనివాడు లేడు.

నలభై రోజుల ఉపవాసానికని అన్న ఇచ్చిన తీర్మాన పత్రంలో మూడు రాసి సంతకం పెట్టాను. మాంసం బంద్. రీల్స్ బంద్. పాటల బృందం రెండో వరస వైపు చూడటం బంద్. మూడోది ఎందుకో అన్న అడగలేదు, నేను చెప్పలేదు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్‌కు 46 రోజులు, ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆ లెక్కన ఆదివారం బిర్యానీ తినొచ్చా అని అడిగితే అన్న నా తలమీద చెయ్యి పెట్టి విడిగా ప్రార్థన చేశాడు.

కళ్ళ కాపలా మూడు వారాలైనా నిలవలేదు. యోబు తన కళ్ళతో ఒడంబడిక చేసుకున్నాడని బైబిల్లో ఉంది. నేనూ చేసుకున్నాను. తలెత్తకుండా చర్చికి పోయి, తలెత్తకుండా బయటికొచ్చాను. తల దించుకున్నవాడికి ఏం కనిపిస్తాయి? గుమ్మం ముందు విడిచిన చెప్పులు. రెండు ఆదివారాల్లోనే ఆ గుట్టలో ఊదారంగు జత ఎవరిదో తెలిసిపోయింది. మూడో ఆదివారం అది కనిపించకపోతే ప్రసంగం ఒక్క ముక్క ఎక్కలేదు. చెప్పులకు కూడా గుండె కొట్టుకుంటుందని అన్న బోర్డు మీద ఎక్కడా రాయలేదు.

ఇంకొకటి కూడా రాయలేదు. ముక్కు.

లెక్కల పేపర్ రాసొచ్చిన సాయంత్రం రోడ్డు మీద హలీమ్ భట్టీ దగ్గర నడక దానంతటదే నెమ్మదించింది. గోధుమలూ పప్పులూ మాంసమూ పొద్దుటి నుంచి సన్నసెగ మీద ఉడికాయి. ఇద్దరు పొడుగాటి కర్రలతో దంచుతున్నారు. పైన నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు. 2010లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న శోధన అది, చిన్నాచితకా శోధన కాదు. కళ్ళు మూసుకోవచ్చు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు. ముక్కు మూసుకుని ఎంతసేపని నిలబడతాం? అసలు ఎందుకు నిలబడ్డావురా అని మీరడగొచ్చు. లెక్కల పేపర్ ఎలా రాశానో మీకు తెలియదు.

మనసులో వాదన నడిచింది. ఇందులో సగం గోధుమలే కదా. దంచేశాక మాంసమేదో గోధుమేదో ఎవరు విడదీయగలరు? పరీక్ష హాల్లో రాని తర్కమంతా ఇక్కడ వరసగా వచ్చింది. టోకెన్ తీసుకున్నాను.

ప్లేటు చేతికందే లోపల వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది. కాలేజీలో నా బెంచీవాడు. పొద్దుటినుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా అదే లెక్కల పేపర్ రాసినవాడు.

"అరే, నీది గూడ ఉపవాసమే అంటివి గదా?"

"మాది వేరేరా. చాయ్ తాగొచ్చు."

"చాయ్ తాగొచ్చు, హలీమ్ తినొచ్చు. మస్తున్నది మీ ఉపవాసం" అని నా చేతిలోంచి టోకెన్ లాక్కున్నాడు. "ఇంక పది నిమిషాలే. అజాన్ అయినంక ఇద్దరం తిందాం. ఆగు."

ఆగాను. నలభై రోజుల మొత్తంలో నేను నిష్ఠగా చేసిన ఉపవాసం ఆ పది నిమిషాలే. వాడు ముందు నాకో ఖర్జూరం ఇచ్చాడు. నా తీర్మానం తప్పడం కూడా పద్ధతి ప్రకారమే జరిగింది.

తర్వాతి ఆదివారం యూత్ మీటింగులో అన్న లైట్లు తగ్గించమన్నాడు. "అందరూ కళ్ళు మూసుకోండి. ఎవరూ ఎవర్నీ చూడొద్దు. ఈ వారం శోధనలో పడిపోయినోళ్ళు చేతులెత్తండి."

ఎత్తాను. ఎత్తినవాణ్ణి ఊరుకోవచ్చు కదా. ఒక్క కన్ను తెరిచాను. ఆడపిల్లల వైపు రెండో వరసలో ఒక చెయ్యి లేచి ఉంది. దాని కింద ఒక కన్ను తెరిచి ఉంది.