మాట వినబడని సౌండు

హైదరాబాద్ గాజులరామారంలో కొత్త ఫ్లాట్ల గృహప్రవేశాలకు పిలిస్తే వెళ్తుంటాను. పూజగది చూపించగానే హాల్లోకి తీసుకొస్తారు. గోడకు అరవై అయిదు అంగుళాల టీవీ, దాని కింద సౌండ్‌బార్, మూలకు సబ్‌ఊఫర్, వెనక రెండు బుడ్డ స్పీకర్లు. సినిమా వేస్తారు. కిటికీ అద్దాలు అదురుతాయి కానీ, ఆ నటుడు ఏమన్నాడో ఒక్కరికీ తెలియదు. వెంటనే ఎవరో రిమోట్ తీసుకుని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెడతారు. తెలుగు సినిమాలో తెలుగు మాట అర్థం కాక తెలుగువాళ్లు ఇంగ్లీషు చదువుకుంటున్నారు. లక్ష రూపాయలు పోసి తెచ్చుకున్న సౌండుకు ఇంతకన్నా పెద్ద ఓటమి ఏముంటుంది?

మా ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. చెక్క పెట్టె, ముందు గుడ్డ, గుడ్డ వెనక ఒకే ఒక్క కాగితపు కోను స్పీకరు. లోపలి వాల్వులు వేడెక్కేదాకా ఆగితే గానీ పలికేది కాదు. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కూడా కట్టాలి. ఢిల్లీ నుంచి అద్దంకి మన్నార్ గారో, కందుకూరి సూర్యనారాయణ గారో వార్తలు చదువుతుంటే వంటింట్లో ఉన్న మా అమ్మకూ, అరుగు మీద కూచున్న మా నాయనకూ ఒక్క అక్షరం జారిపోయేది కాదు. ఒత్తు ఎక్కడ పలకాలో, దీర్ఘం ఎంతసేపు తియ్యాలో మా ఈడువాళ్లం బడిలో కన్నా ఆ పెట్టె ముందే నేర్చుకున్నాం. ఇక రేడియోలో సినిమాను కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం వచ్చిందంటే సినిమా మొత్తం చెవులతోనే చూసేవాళ్లం. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు ఎంత భారీ మనిషో, సీఎస్సార్ ఆంజనేయులు శకుని ఎంత మెత్తని విషమో తెర లేకుండానే తెలిసేది. వాళ్లు నాటకరంగం నుంచి వచ్చినవాళ్లు. ఆఖరి వరసలో కూచున్నవాడికి కూడా మాట చేరాలన్న పట్టుదల వాళ్ల గొంతులో ఉండేది.

అంత చిన్న స్పీకరు అంత పని ఎలా చేసిందంటే, మనిషి మాట అర్థం కావడానికి కావలసినదాంట్లో ఎక్కువ భాగం దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యనే ఉంటుంది. పాత టెలిఫోను తీగ మోసింది కూడా ఆ మేరకే. రేడియో స్పీకరుకు నేలను వణికించే బేస్ చేతకాదు, పైపైన మెరిసే సన్నని శబ్దాలూ చేతకావు. మధ్యనున్న మాటను మాత్రం శుభ్రంగా పలికేది. మా గాజులరామారం చిత్తారమ్మ తల్లి జాతరకు చెట్టుకు కట్టిన అహూజా మైకు హారన్ పద్ధతీ అదే. బేస్ అసలు లేదు. అయినా తప్పిపోయిన పిల్లవాడి పేరు మైకులో చెబితే జాతర ఆ చివరన ఉన్న తల్లికి వినబడేది. ఇప్పుడు జాతరలోనూ, బోనాల్లోనూ డీజే బాక్సులు దిగాయి. గుండె మీద గుద్దినట్టు ఉంటుంది, ఎవరేం చెబుతున్నారో తెలియదు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తే నేను సంతోషించాను.

సినిమా హాలు సంగతి వేరు. జీడిమెట్లలో షిఫ్టు దిగి బాలానగర్ విమల్‌కో, జీడిమెట్ల భుజంగకో పోయేవాళ్లం. పెద్ద సినిమా అయితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా బస్సు. 1975లో షోలే 70 ఎంఎంలో వచ్చినప్పుడు నాణెం ఒక మూల నుంచి ఇంకో మూలకు దొర్లుతున్నట్టు వినబడి జనం తలలు తిప్పి చూశారు. తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా కృష్ణ గారి సింహాసనం, 1986. పోస్టరు మీద ‘సిక్స్ ట్రాక్ స్టీరియోఫోనిక్ సౌండ్’ అని వేస్తే ఆ అక్షరాల కోసమే టిక్కెట్టు కొన్నవాళ్లున్నారు. కాబట్టి ఎక్కువ స్పీకర్లంటే నాకు పడదని అనుకోకండి. ఆ హాళ్లలో ఆరు దారుల్లో సౌండు వచ్చినా మాట మాత్రం నటుడి నోట్లోంచే వచ్చేది. తెరకు సన్నని చిల్లులుంటాయి. వాటి వెనక, సరిగ్గా నడుమ, ఒక స్పీకరు ఉంటుంది. మాటలు దాని పని. మిగతావన్నీ పాటకు, గుర్రాలకు, వర్షానికి.

ఇళ్లలో పెట్టుకునే అయిదు పాయింట్ ఒకటి (5.1) సెట్టులోనూ లెక్క ఇదే. ముందు మూడు, వెనక రెండు, బేస్‌కు ఒకటి, అదే సబ్‌ఊఫరు. సినిమాలో మాటల్లో చాలా భాగం ఆ ముందు మూడింటిలో నడుమ దానికే, సెంటర్ స్పీకరుకే వెళ్తుంది. మనవాళ్లు చేసేదేమిటి? దాన్ని టీవీ స్టాండు కింది అరలో, సెట్‌టాప్ బాక్సు వెనక, దేవుడి కేలెండరుకు అడ్డం రాకుండా దాచేస్తారు. సబ్‌ఊఫరును మాత్రం వచ్చినవాళ్లందరికీ కనబడేలా పెడతారు. మూలలో పెట్టిన సబ్‌ఊఫరుకు రెండు గోడలు తోడై బేస్ ఇంకా ఉబ్బుతుంది. కింద పాలరాయి, పైన పీఓపీ సీలింగు, పక్కన అద్దాల తలుపు. మెత్తటిది ఒక్కటీ లేని హాల్లో ప్రతి మాటా గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. మా రోజుల్లో హాల్లో నవారు మంచం, దాని మీద బొంతలు, తలుపుకు దుప్పటి, దండెం మీద బట్టలు ఉండేవి. సౌండు కోసం పెట్టినవి కావు, కానీ సౌండుకు మేలు చేశాయి.

మా అబ్బాయితో ఈ మాటే అన్నాను. వాడు వాడి కొత్త సెట్టును వదులుకోడు.

“నాన్నా, సినిమాలనే గట్ల మిక్స్ చేస్తున్నరు. మనమేం జేస్తం?”

“మరి ఇన్ని డబ్బాలెందుకురా? ఒక్కటన్న సక్కగ మాట్లాడాలె గద.”

వాడన్నదాంట్లోనూ నిజముంది. సినిమాను థియేటరు కోసం మిక్స్ చేస్తారు. అక్కడ పేలుడు దగ్గర ఒక్కో స్పీకరు 105 డెసిబెల్స్ దాకా వెళ్లే లెక్కతో సర్దుతారు. మాట దానికి ఎంతో కింద ఉంటుంది. ఇంట్లో పిల్లలు పడుకున్నారని మొత్తం తగ్గిస్తే పేలుడు బాగానే ఉంటుంది, మాట అడుక్కి పోతుంది. పైగా టీవీలు అట్టముక్కంత సన్నబడ్డాయి. మా పాత ఈసీటీవీకి డబ్బాలాంటి ఒళ్లుండేది, చూసేవాడి వైపు పలికేది. ఈ సన్నని టీవీల్లో చాలావాటికి స్పీకరు కిందికో వెనక్కో తిరిగి ఉంటుంది, గోడతో మాట్లాడుకుంటుంది. టీవీ తయారుచేసేవాళ్లు సౌండును తీసేసి, తీసేసినదాన్ని సౌండ్‌బార్ పేరుతో మళ్లీ మనకే అమ్ముతున్నారు. దీని మీద నాకు నిజంగానే కోపముంది.

ఇక వాట్ల మాయ ఒకటి. ఇది కొత్తది కాదు, మా కాలం నుంచీ ఉన్నదే. కోఠి గుజరాతీ గల్లీకి పోయి యాంప్లిఫయర్ బోర్డు, పది అంగుళాల ఊఫరు, ట్వీటరు కొనుక్కుని, వడ్రంగితో ప్లైవుడ్ బాక్సు చేయించుకునేవాళ్లం. ట్రాన్స్‌ఫార్మర్ చేతిలో పట్టుకుని బరువు చూసి సత్తా చెప్పేవాళ్లు ఆ గల్లీలో ఉండేవాళ్లు. తర్వాత రెడీమేడ్ డెక్కుల మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు పీఎంపీఓ అని స్టిక్కర్లు వచ్చాయి. క్షణంలో వెయ్యో వంతు నిలిచే మెరుపును లెక్కగట్టిన అంకె అది. నిలకడగా ఇచ్చే శక్తి కావాలంటే ఆర్‌ఎంఎస్ చూడాలి. ఇప్పుడు కూడా ఆ పెద్ద అంకెలో చాలా వాటా సబ్‌ఊఫరుదే. అదీగాక వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పది రెట్లు శక్తి కావాలి. వంద వాట్లకు, నూట యాభై వాట్లకు తేడా మన హాల్లో తెలియదు. ఆ డబ్బు మంచి సెంటర్ స్పీకరు మీద పెట్టినవాడు సుఖపడతాడు.

మా అబ్బాయితో ఒక పెద్ద షోరూముకు వెళ్లాను. సేల్స్ కుర్రాడు వేసిందల్లా కార్లు పేలే సీనే. “బాబూ, పాట వెయ్యి, సుశీలమ్మ పాట వెయ్యి” అంటే వాడి దగ్గర లేదు. పేలుడును ఏ డబ్బా అయినా పలుకుతుంది, పేలుడు అసలు ఎలా ఉంటుందో మనలో ఎవరికీ తెలియదు గనక. మనిషి గొంతు అలా కాదు. సుశీల గారు శ్వాస తీసుకునే చోటు, ఘంటసాల గారు మంద్రంలోకి దిగేటప్పుడు వచ్చే బరువు మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తప్పు ఎక్కడ పలికినా చెవి పట్టేస్తుంది. సంగీతానికి బాగున్న ముందు రెండు స్పీకర్లు సినిమాకూ బాగుంటాయి. సినిమాకని కొన్న దడదడల సెట్టు సంగీతానికి చాలాసార్లు పనికిరాదు. మాయాబజార్‌ను 2010 జనవరిలో రంగులద్ది, డీటీఎస్ సౌండుతో మళ్లీ విడుదల చేశారు. దాన్ని వేసి చూడండి, సెట్టు బండారం బయటపడుతుంది.

పొరుగువాళ్ల సంగతి కూడా చెప్పాలి. 40 హెర్ట్జ్ బేస్ అలకు పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే మన హాలు కన్నా పొడుగు. నాలుగున్నర అంగుళాల గోడ దాన్ని ఆపలేదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెల్స్ అని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల్లో ఉంది. నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే కార్మికులు మా జీడిమెట్ల చుట్టుపక్కల వేలమంది. వాళ్లకు పగలే రాత్రి. మా పక్కింటి సబ్‌ఊఫరు మా ఇంట్లో గ్లాసులను మోగిస్తుంది, వాళ్ల సినిమాలో మాట ఒక్కటీ ఇటు రాదు.

రిపేరు కూడా అడిగి కొనండి. మా కాలంలో కోను చిరిగితే కోను మార్చేవాడు, వాల్వు పోతే వాల్వు. తీగతో కలిపే విడి స్పీకర్లు, వాటిని నడిపే రిసీవరు కొంటే రిసీవరు పాతబడ్డా స్పీకర్లు ఇరవై ఏళ్లు పలుకుతాయి. అన్నీ ఒకే డబ్బాలో అతికించిన సౌండ్‌బార్‌లో బోర్డు పోతే మొత్తం పోయినట్టే.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ సాయంత్రమే చేయదగ్గ పనులున్నాయి. సెంటర్ స్పీకరును అరలోంచి తీసి టీవీకి దగ్గరగా, చెవి ఎత్తు వైపు మొగ్గేట్టు పెట్టండి. సెట్టింగుల్లో దాని మట్టం రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. సబ్‌ఊఫరును మూల నుంచి జరిపి తగ్గించండి. నైట్ మోడ్ ఉంటే వేయండి, అది పేలుడును దించి మాటను లేపుతుంది. నేల మీద తివాచీ, కిటికీకి దళసరి కర్టెను. వీటిలో చాలావాటికి ఖర్చే లేదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వయసు మీద పడ్డాక ముందు పోయేది సన్నని శబ్దాలు వినే శక్తి. స, శ, త, ప లాంటి హల్లులు మసకబారతాయి. బేస్ మాత్రం చక్కగా వినబడుతుంది. అంటే ఈ కొత్త సెట్లు పెద్దవాళ్లకు వినబడేదాన్నే పెంచి, వినబడనిదాన్ని ఇంకా ముంచుతున్నాయి. అందుకే సినిమా మొదలైన పది నిమిషాలకు తాతయ్యలు, అమ్మమ్మలు “మీరు చూడండి బిడ్డా” అని లేచి లోపలికి పోతున్నారు. ఒకప్పుడు ఇంటిల్లిపాదినీ కూచోబెట్టిన పెట్టె ఇప్పుడు వాళ్లను హాల్లోంచి లేపేస్తోంది. కొత్త స్పీకర్లు కొనబోయే పిల్లలకు ఒక్కటే చెబుతున్నాను. షాపుకు వెళ్లేటప్పుడు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. వాళ్లకు తెలిసిన పాత సినిమా వేయించండి. ప్రతి మాటా వినబడిందని వాళ్లు అంటేనే బిల్లు రాయించండి.