వంద ఆక్టేన్.. పది స్పీడు!

అంబర్‌పేట కుర్రకారుకి కొత్త తిప్పలు: వంద ఆక్టేన్ పెట్రోలు ఏ బంకులో దొరుకుతుందని! ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో ‘ఎక్స్‌పీ100’ దింపింది. మామూలు పెట్రోలు ఆక్టేన్ 91. ఈ నంబరు పెరిగితే బలం పెరుగుతుందని మనోళ్ల నమ్మకం. నిజానికది పెట్రోలుకున్న నిగ్రహం. సిలిండర్లో ఎంత నొక్కినా వేళకు ముందే భగ్గుమనదు. టర్బో కారుకైతే సరే, నాన్న కొన్న పాత ఆల్టోకి పోస్తే తేలికయ్యేది ఆయన జేబే.

పోనీ, స్పోర్ట్స్ కారే ఉందనుకుందాం. ఉరికించేదెక్కడ? ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన చేస్తే, ఏళ్లకేళ్లు స్తంభాలే దర్శనమిచ్చాయి. ఉప్పల్ రింగురోడ్డులో ముందు షేర్ ఆటో, వెనక సిటీబస్సు హారన్. వేళకు ముందే భగ్గుమనేది స్టీరింగ్ వెనకాలాయనే. ఓ లీటరు ఆయనకే పట్టించండి బాబూ!