మా రోజుల్లో మాస్కులెక్కడివి?

ఇప్పుడు వీధి ఊడుస్తుంటే దుమ్ము లేస్తోందని మూతికి గుడ్డ కట్టుకుంటున్నారు. గోడకి రంగు వేసే కుర్రాడు కూడా ముందు మాస్కు అడుగుతున్నాడు. అడగనీండి, తప్పనను. మా రోజుల్లో, 1960ల చివర, నేవీలో ఆవిరి ఓడ బాయిలర్ రూమ్‌లోకి దిగే స్టోకర్‌కి ఉన్న రక్షణ ఒక్క ఓవరాల్. అదీ ఒళ్ళు కాలకుండా ఉండటానికే. ముక్కు సంగతి ఎవడికి పట్టింది?

అప్పటి మన పెద్ద ఓడలు చాలావరకు తెల్లవాళ్ళు వాడి వదిలినవి, లేదా సగం కట్టి ఆపేసినవి. మన ఢిల్లీ ఒకప్పటి అకిలీస్. మైసూరు ఒకప్పటి నైజీరియా. యుద్ధం అయిపోయిందని పని ఆపేసిన హెర్క్యులిస్‌ని కొనుక్కుని 1961లో విక్రాంత్ చేసుకున్నాం. అన్నీ ఆవిరి మీద నడిచేవే. ఆవిరి గొట్టం ఉన్నచోటల్లా దానిచుట్టూ ఆస్బెస్టాస్ ఉండేది. నేను చేసిన ఓడ పేరు మాత్రం చెప్పను. అన్నం పెట్టిన ఓడని తిట్టడం నాకు చేతకాదు.

రీఫిట్‌కి (మరమ్మతుకి) వెళ్తే మొదటి పని గొట్టాల మీది పాత లాగింగ్, అంటే ఆస్బెస్టాస్ తొడుగు, ఊడగొట్టడం. సుత్తీ ఉలీ పుచ్చుకుని కొడుతుంటే దుమ్ము తెల్లగా లేచేది, లైటు కింద మిలమిలలాడేది. కొత్తది వేసేటప్పుడు ఆస్బెస్టాస్ పొడి డ్రమ్ములో పోసి, నీళ్ళు కలిపి, దిబ్బరొట్టె పిండిలా చేత్తోనే పిసికి గొట్టానికి మెత్తేవాళ్ళం. పైన గుడ్డ చుట్టి రంగు వేసేవాళ్ళం. మధ్యాహ్నం అన్నం అక్కడే, ఆ దుమ్ములోనే. సాయంత్రం ఇంటికి తెచ్చిన ఓవరాల్‌ని మా ఆవిడ పెరట్లో దులిపి ఉతికేది. అలా బట్టలు దులిపిన ఇల్లాళ్ళకీ ఆస్బెస్టాస్ జబ్బు వస్తుందని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు.

ఆస్బెస్టాస్ పోగులు కంటికి ఆననంత సన్నం. లోపలికి పోతే కరగవు. ఊపిరితిత్తులు మచ్చకట్టి బిగుసుకుపోతే ఆస్బెస్టోసిస్, వాటి పైపొరకి క్యాన్సర్ పుడితే మెసోథెలియోమా. అదైనా వెంటనే బయటపడుతుందా? ఇరవై ఏళ్ళకి, నలభై ఏళ్ళకి, ఒక్కోసారి యాభై ఏళ్ళకి. యూనిఫారం విప్పేసి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తుకునే వేళకి ఆయాసం మొదలవుతుంది. ఆస్పత్రికి వెళ్తే డాక్టరు మొదట అడిగేది సిగరెట్ తాగేవారా అని. తాగినవాడికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లన్న మాట నిజమే. కానీ ఓడలో ఏ మూల పనిచేశావని ఒక్కడూ అడగడు.

అప్పటికి లోకానికి తెలియదనుకుంటున్నారా? ఇంగ్లండు 1931లోనే ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల దుమ్ముకి నిబంధనలు పెట్టింది. న్యూయార్క్‌లో సెలికాఫ్ అనే డాక్టరు లాగింగ్ పనివాళ్ళకి పట్టిన గతిని 1964లో అచ్చువేశాడు. ఓడలు సముద్రం దాటి వచ్చాయి గానీ ఆ కబురు రాలేదు.

న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, ఇక్కడ టీవీలో లాయర్ల ప్రకటనలే. నేవీలో చేశారా, మెసోథెలియోమా వచ్చిందా అని. నువ్వూ వేసెయ్యరాదూ ఓ కేసు?" అంటాడు. వాడి నమ్మకానికి నవ్వొచ్చింది. అవి వాళ్ళ నావికులకిరా అబ్బాయ్!

వాళ్ళకైనా సర్కారు మీద దావా కుదరదు. 1950లోనే వాళ్ళ సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. కానీ సరుకు అమ్మిన కంపెనీలని వదల్లేదు. జాన్స్ మాన్విల్ 1982లో దివాలా అర్జీ పెడితే, బాధితుల కోసం ట్రస్టు కట్టించారు. ఇద్దరు నావికుల కుటుంబాలు వేసిన కేసులో 2019లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: పంపులూ టర్బైన్లూ అమ్మినవాడు ఆస్బెస్టాస్ తాను చుట్టకపోయినా, అది చుట్టందే ఆ యంత్రం నడవదని తెలిసుంటే, ప్రమాదం సంగతి చెప్పి తీరాలి. బ్రిటన్ సంగతి చూడండి. 1987కి ముందు నౌకరీ చేసినవాడికి కోర్టు దారి లేదు. చాలా ఏళ్ళు గొణిగి గొణిగి, 2016 నుంచి మెసోథెలియోమా వచ్చిన మాజీ సైనికుడికి ఒకేసారి 1,40,000 పౌండ్లు తీసుకునే వీలిచ్చారు. ఆ బాయిలర్లు కట్టింది వాళ్ళే, అదే పొడి పీల్చింది మేమూ.

మనకేముంది? గుజరాత్‌లోని అలంగ్‌లో విరగ్గొట్టమని ఫ్రాన్సు క్లెమెన్సో అనే విమానవాహక నౌకని పంపితే, అందులోని ఆస్బెస్టాస్ మీద మన సుప్రీంకోర్టు దాకా గొడవ నడిచింది. 2006లో వాళ్ళే వెనక్కి పిలిపించుకున్నారు. మంచిదే. చచ్చిన ఓడ దుమ్ముకి అంత విచారణ జరిగినప్పుడు, బతికున్న ఓడలో ఆ దుమ్ము మింగినవాడి గురించి ఒక్కసారైనా అడగొద్దూ? 1995లో అదే కోర్టు ఆస్బెస్టాస్ కార్మికుడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమంది. జబ్బు ధ్రువపడ్డవాళ్ళకి లక్ష రూపాయలు ఇమ్మంది, ఆరోగ్య రికార్డులు 40 ఏళ్ళు దాచమంది. 1923 నాటి పరిహార చట్టంలో ఆస్బెస్టోసిస్ వృత్తి జబ్బే. కానీ ఆ చట్టం సాయుధ దళాల వాడికి వర్తించేది కాదు. దాని స్థానంలో తెచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అంతే. ఒకే గొట్టానికి అటు కాంట్రాక్టు కూలీ, ఇటు నావికుడు కూర్చుని లాగింగ్ పీకితే, చట్టం కూలీని చూస్తుంది, నావికుణ్ణి చూడదు.

మనకి మిగిలింది వైకల్య పింఛను. జబ్బు నౌకరీ వల్ల వచ్చిందనో, నౌకరీ వల్ల ముదిరిందనో తేలాలి. వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. చేరేనాడు కాగితాల్లో రాయని జబ్బు నౌకరీలోనే వచ్చినట్టు భావించాలని ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు అన్నది మనకి అండే. కానీ ఇంటికొచ్చిన ముప్పై ఏళ్ళకి పడగెత్తే జబ్బుకి ఆ అండ సులువుగా అందదు. కొన్నేళ్ళలోపు బయటపడే జబ్బుల్ని మనసులో పెట్టుకుని రాసినవి ఆ నిబంధనలు. ఈ దుమ్ముకి ఆ క్యాలెండర్ తెలియదు. ఇది మార్చమని మాజీ సైనికుల సంఘాలు గట్టిగా అడగాలి. వార్షిక విందుల్లో శాలువాలు కప్పుకోవడం తర్వాత చూసుకోవచ్చు.

నాతోటి స్టోకర్లకీ, ఇంజన్‌రూమ్ వాళ్ళకీ, షిప్‌రైట్‌లకీ ఒక మాట. సర్వీసు కాగితాలు బయటికి తియ్యండి. ఏ ఓడ, ఏ సంవత్సరం, ఏ కంపార్ట్‌మెంట్, ఏ రీఫిట్ అన్నీ ఒక కాగితం మీద రాసి, అప్పుడు పక్కన పనిచేసినవాడి చేత సంతకం పెట్టించుకోండి. వాడూ నేడో రేపో అన్నట్టున్నాడు. మాజీ సైనికుల వైద్య పథకం (ఈసీహెచ్ఎస్) పాలీక్లినిక్‌కి వెళ్తే ఆ కాగితం ముందు పెట్టి, ఆస్బెస్టాస్‌లో పనిచేశానని కేసుషీటులో రాయించండి. జబ్బు తేలితే ముంబైలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి దరఖాస్తు పెట్టండి, కాదంటే చెన్నైలో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. ఆ కాగితం నకలు ఒకటి ఇంటావిడ చేతికివ్వండి. మీరు పోయాక ప్రత్యేక కుటుంబ పింఛను అడగాల్సి వస్తే తిరగాల్సింది ఆవిడే.