రెండు నాలుగు వేలు

ఏఐ పుణ్యమా అని మూడేళ్లలో తమ బ్యాంకులో 4,000 కాంట్రాక్టు, తాత్కాలిక కొలువులు తగ్గుతాయని సింగపూర్ డీబీఎస్ అప్పటి పెద్దాయన పీయూష్ గుప్తా 2025 ఫిబ్రవరిలో ముంబై వచ్చి మరీ సెలవిచ్చారు. ఎవర్నీ గెంటరట, కాంట్రాక్టులు వాటంతటవే ముగిసిపోతాయట. ఎంత మర్యాద! కొత్తగా ఓ వెయ్యి ఏఐ కొలువులూ వస్తాయట.

అక్కడి సర్కారు ముందే మేలుకుంది. నలభై నిండిన పౌరులకు 2024 మే నుంచి స్కిల్స్‌ఫ్యూచర్ ఖాతాలో 4,000 సింగపూర్ డాలర్లు వేస్తోంది. చేతికివ్వరు, కోర్సుల ఫీజుకే. జుట్టుకు రంగేసుకుని మళ్లీ క్లాసులో కూచోవాలి.

అక్కడ ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఉద్యోగ అనుమతి) మీదున్న మన తెలుగాయన పౌరుడు కాడు కనుక ఈ 4,000 రాదు. ఆ 4,000లో చేర్చడానికి మాత్రం పాస్‌పోర్టు ఎవరూ అడగరు.