స్లాట్లు పంచే దొరవారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ విదేశాంగ శాఖలో పాస్‌పోర్టు స్లాట్లు పంచే దొరవారి దివ్యసముఖమునకు, కడప, కర్నూలు సీమల తరఫున ఒక నెట్ సెంటర్ బెంచీ మీద కూర్చుని రాసుకుంటున్న అర్జీ.

పాస్‌పోర్టు కావాలంటే ఒకప్పుడు హైదరాబాదు రైలెక్కాల్సి వచ్చేది. ఇప్పుడు కడపలోనూ కర్నూలులోనూ హెడ్ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం పెట్టించారు. రాయచోటి, రాజంపేట పల్లెల్లో కువైట్‌తో చుట్టరికం లేని ఇల్లు వెతుక్కోవాలి. అలాంటి చోట ఇది చిన్న మేలు కాదు.

మీరు వేసిన తాళాల సంగతీ తెలుసు. డబ్బు కట్టకుండానే తేదీ దొరికే కాలంలో ఏజెంట్లు తేదీలను గంపగుత్తగా పట్టేసి, కొత్త సినిమా టికెట్ల మాదిరి బ్లాక్‌లో అమ్మేవాళ్లు. 2013లో మీరు ముందు రుసుం, తర్వాతే తేదీ అన్నారు. తేదీ మనిషి పేరుకు ముడిపడింది. ఒకరి స్లాటు ఇంకొకరికి పనికిరాదు. ఏడాదిలో మూడు తేదీల దాకానే. వంకర అక్షరాల క్యాప్చా పెట్టారు, నకిలీ వెబ్‌సైట్లతో జాగ్రత్త అని హెచ్చరిక కూడా పెట్టారు. ఇన్ని చేశాక బ్లాక్ మార్కెట్ చచ్చిపోవాలి కదా. చావలేదు, బోర్డు మార్చుకుంది.

నా పక్కనే సుండుపల్లి వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. భర్త కువైట్‌లో డ్రైవరు. తనూ పోవాలని వచ్చింది.

"ఈమెయిల్ ఐడీ ఉందా అక్కా?" అన్నాడు సెంటర్ అబ్బాయి.

"అదేందబ్బీ, ఆధార్ ఉండాది, రేషన్ కార్డు ఉండాది..."

వాడికి ఈ జవాబు కొత్త కాదు. తనే ఒక ఐడీ పుట్టించాడు, పాస్‌వర్డు పెట్టాడు, రెండూ పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తొంగి చూస్తే పేజీ నిండా అవే: పేరు, ఊరు, ఐడీ, పాస్‌వర్డు. ఆమెకు చీటీ ముక్క మీద కూడా రాసివ్వలేదు. ఆధార్‌కు కలిపిన సిమ్ము భర్త జేబులో కువైట్‌లో ఉంది. ఓటీపీ కోసం వాట్సాప్‌లో ఆయన్ని లేపారు. ఆయన చెప్పేలోపు గడువు దాటింది, మళ్లీ లేపారు. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. బడి సర్టిఫికెట్‌లో ఇంకోటి. అదంతా అయ్యాక అసలు ప్రశ్న వచ్చింది: "దగ్గర తేదీ కావాల్నా, ఎప్పుడైనా పర్లేదా?" రెండింటికీ రేటు వేరు. వాడు చెప్పిన రేటులో మీ పదిహేను వందల రుసుం చిల్లర లాగా కనబడింది.

దొరా, చట్టప్రకారం ఇక్కడ ఎవరూ స్లాటు అమ్మలేదు. అది ఆమె పేరు మీదే భద్రంగా ఉంది. తాళంచెవి మాత్రం వాడి దగ్గరుంది. రేపు తేదీ మార్చుకోవాలన్నా, ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవాలన్నా సుండుపల్లి నుంచి బస్సెక్కి ఆ నోటుపుస్తకం దగ్గరికే రావాలి.

ఈ నోటుపుస్తకం మనిషిని మా సీమ బాగా ఎరుగును. పాత పేరు కరణం. 1800లో మా దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లు గుడారాలు మోయించుకుంటూ ఊరూరూ తిరిగాడు. పాలెగాళ్లను అణిచాడు, నడుమ జమీందారు లేకుండా రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క ఉండాలన్నాడు. రైత్వారీ అంటే అదే. చివరికి గవర్నరుగా ఉండి మళ్లీ ఇటు వచ్చినప్పుడు, 1827లో మా పత్తికొండలోనే కలరాతో పోయాడు. అంత తిరిగిన మనిషి కూడా కరణాన్ని తీయలేకపోయాడు. లెక్క కరణం చేతిరాతలో ఉంది, రైతుకు చదువు రాదు, ఇక తీసేదెట్లా? ఆ కరణీకం పోవడానికి 1984లో ఎన్.టి. రామారావు రావాల్సి వచ్చింది. తమరి పోర్టల్ దాన్ని చప్పుడు కాకుండా తిరిగి నిలబెట్టింది. (వంశపారంపర్యం ఇంకా రాలేదు. సెంటర్ అబ్బాయికి పెళ్లి కావాల్సి ఉంది.)

పక్క శాఖలు గట్టిగానే పట్టుకుంటున్నాయి, కాదనను. రైల్వేవాళ్లు 2025 జూలై నుంచి తత్కాల్‌కు ఆధార్ ముడిపెట్టి, మొదటి అరగంట ఏజెంట్లను బయట నిలబెట్టారు. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు, 1989 నాటి రైల్వే చట్టంలోని 143వ సెక్షన్ ఈ-టికెట్ల దొంగ వ్యాపారానికీ వర్తిస్తుందని తేల్చింది. మూడేళ్ల దాకా జైలు. మార్చిలో అమెరికా రాయబార కార్యాలయం, బాట్లతో పట్టిన రెండు వేల దాకా వీసా అపాయింట్‌మెంట్లను ఒక్క దెబ్బకు రద్దు చేసింది. అందరికంటే వేగంగా మీట నొక్కే దొంగ ఇలాంటి వాటికి దొరుకుతాడు. హైదరాబాదు అమీర్‌పేటలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న కుర్రాడికి వాడే శత్రువు. సుండుపల్లి ఆమెకు అసలు మీటే లేదు. ఆ దొంగ కోసం మీరు వేసే ప్రతి కొత్త తాళమూ ఈమెను ఇంకో మెట్టు కింద నిలబెడుతుంది, సెంటర్‌లో రేటును ఇంకో మెట్టు పైకి ఎక్కిస్తుంది.

కర్నూలు పడమటి మండలాలకు రండి. కోసిగి, కౌతాళం, ఆదోని పల్లెల నుంచి పత్తికీ మిరపకాయలకూ గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతారు, ఇంటిల్లిపాదీ. మట్టిపని చేసిచేసి వేలిగీతలు అరిగిపోతాయి, ఆధార్ మిషన్ గుర్తుపట్టదు. సరిచేయించుకోవాలంటే టోకెను కావాలి, టోకెను తీసుకోవాల్సిన పొద్దుకు వాళ్లు మిరపచేలో ఉంటారు. ఇంక వేలిముద్రా ఓటీపీతోనే దళారిని ఆపుతామంటే, ఈ మనుషులు నేరుగా నడిచి పోయేది దళారి దగ్గరికే.

వరసలో నిలబడడం మాకు రాదనుకునేరు. సబ్సిడీ విత్తన వేరుశెనక్కాయల కోసం చెప్పులూ పాసుపుస్తకాలూ వరసగా పెట్టి, చెట్టుకింద కూర్చుని కాపుకాసిన జనం మేము. ఆ వరస కంటికి కనబడేది. నడుమ ఎవడైనా ఇంకో జత దూర్చితే నలుగురు లేచి కేకలేసేవాళ్లు. మీ వరస ఎవరికీ కనబడదు. తేదీలు ఎప్పుడు వదులుతారు? రద్దయిన తేదీ ఎటు పోతుంది? మన ముందు ఎంతమంది ఉన్నారు? ఇవి తెలిసినవాడే వ్యాపారం చేస్తున్నాడు. వాడు అమ్మే సరుకులో సగం మీరు చెప్పకుండా దాచుకున్న సమాచారమే.

ఫ్రాన్సులో నివాస అనుమతుల కోసం తిరిగే విదేశీయులకూ ఇదే గతి పట్టింది. ఆఫీసు అపాయింట్‌మెంట్లు ఆన్‌లైన్లో అమ్మకానికి వచ్చాయి. 2022లో అక్కడి పాలనా వ్యవహారాల అత్యున్నత న్యాయస్థానం, ఆన్‌లైన్ చేతకానివాళ్లకు వేరే దారి ఉండి తీరాలని తేల్చింది. ఫ్రాన్సులో కుదిరింది పులివెందులలో కుదరదా?

కాబట్టి కోరేదేమంటే, కడపలోనూ కర్నూలులోనూ రోజూ కొన్ని తేదీలు కంప్యూటర్ ముట్టకుండా నేరుగా వచ్చినవాళ్లకు తీసిపెట్టండి. రద్దయిన తేదీని వేళాపాళా లేకుండా గాల్లోకి వదలక, వరసలో తర్వాతున్నవాళ్లకు ఇవ్వండి. ఆ వరస పొడుగెంతో పోస్టాఫీసు గోడమీద రోజూ రాయించండి, సుద్దముక్కతోనైనా సరే. కామన్ సర్వీస్ సెంటర్లో వంద రూపాయలకు పాస్‌పోర్టు ఫారం నింపాలని పెట్టింది మీరే. ఆ వంద అనే అంకె పెద్ద అక్షరాల్లో కనిపించే బోర్డు ఊరూరా కట్టించండి. 2019 నుంచి గ్రామ సచివాలయాలున్నాయి, వాటిలో డిజిటల్ అసిస్టెంట్లున్నారు. వాళ్లచేత ఫారం నింపించి, ఐడీ, పాస్‌వర్డు కాగితం మీద అచ్చేసి ఆమె చేతికి ఇప్పించండి. సచివాలయం రాష్ట్రానిది, పాస్‌పోర్టు కేంద్రానిది అని తమరు అనవచ్చు. కువైట్ నుంచి వచ్చే దీనార్ల దగ్గర మాత్రం ఈ తేడా ఎప్పుడూ వినబడలేదు.

ఆ అబ్బాయిని మాత్రం జైల్లో పెట్టించకండి. బీటెక్ చేసి ఖాళీగా ఉండలేక ఈ కొట్టు పెట్టుకున్నాడు. మా పల్లెల్లో మీ ఫారం అర్థమయ్యే మనిషి ప్రస్తుతానికి వాడొక్కడే. వాడు పోతే ఇంకా పెద్ద రేటువాడు వస్తాడు. కుదిరితే వాడినే డిజిటల్ అసిస్టెంటుగా వేసుకోండి.

ఇట్లు,
తమ విధేయుడు,
బెంచీ మీద మూడో మనిషి

తా.క.: ఈ అర్జీకి జవాబు ఇవ్వదలిస్తే కార్డు ముక్క మీద రాసి పోస్టులో పంపండి. పోర్టల్లో పెడితే తెరుచుకోవడానికి నాకూ రేటు చెప్తాడు.